నవజాత శిశువుల ఐసీయూలో మందులు వేళకు పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. మీరు జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు పడిన నవజాత శిశువులను చూసే ప్రత్యేక విభాగంలో) రెండేళ్లుగా స్టాఫ్ నర్సు. ఇన్ఫెక్షన్ అనుమానంతో చేరిన పసికందుకు డాక్టరు యాంటీబయాటిక్ రాశాక మొదటి డోసు పడేసరికి రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు పడుతోంది. రోజువారీ డోసులు కూడా వేళ తప్పుతున్నాయి. పైవాళ్లు నర్సుల నిర్లక్ష్యమే కారణమని మెమో ఇచ్చారు. మీ స్థాయిలో ఏమి చేయవచ్చో చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. వేగం పెంచే ప్రయత్నం ఇప్పుడే చేయకండి. ఆ రెండు గంటలు ఎక్కడ ఖర్చవుతున్నాయో మొదట కాగితం మీద పెట్టండి. డాక్టరు నిర్ణయం తీసుకున్న నిమిషం, ఆ మాట నర్సు చెవిన పడిన నిమిషం, మందు చేతికి వచ్చిన నిమిషం, కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పడిన నిమిషం, మందు ఎక్కించడం మొదలైన నిమిషం, పూర్తయిన నిమిషం. ఈ ఆరింటినీ వరుసగా పది మంది పిల్లలకు రాయండి. ఎక్కువ సమయం మింగేస్తున్న మజిలీ ఒకటో రెండో ఉంటాయి. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని మార్చండి. నేను ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ, ప్రైవేటు నవజాత శిశు విభాగాలలో పని చేశాను, వాటిలో కొన్నేళ్లు ఇన్‌చార్జిగా. నర్సు బద్ధకం వల్ల మొదటి డోసు ఆలస్యమైన సందర్భాలు నేను చూసినవి చాలా తక్కువ. మందు, సూది, మనిషి, కాగితం ఒకే చోటికి ఒకే సమయానికి చేరకపోవడం వల్ల ఆలస్యమైనవే ఎక్కువ.

నా అనుభవంలో నుంచే ఒక రాత్రి చెబుతాను. 1.1 కిలోల బిడ్డ, నెలలు నిండకుండా పుట్టింది, నాలుగో రోజు. ఆ సాయంత్రం వరకు గొట్టం ద్వారా ఇచ్చిన పాలు అరిగించుకుంటున్న బిడ్డ రాత్రి ఒక్కసారిగా మందగించింది, కాళ్లు చల్లబడ్డాయి, రెండుసార్లు ఊపిరి ఆగింది. రాత్రి 10.10కి డ్యూటీ డాక్టరు చూసి మందులు మార్చాలన్నారు. కేసు షీటు మరో మూడు షీట్ల కింద ఉండిపోయింది. నేను ఆర్డరు చూసింది 10.35కి. ఆ మందు వార్డు స్టాకులో లేదు. ఫార్మసీ కిటికీ మూసేశారు. చీటీ రాసి బిడ్డ తండ్రికి ఇచ్చాం. ఆయన ఊరికి కొత్త. రెండు మెడికల్ షాపులు తిరిగి 11.40కి వచ్చారు, చొక్కా అంతా చెమట. తెచ్చిన అమికాసిన్ అనే యాంటీబయాటిక్ వయల్ (మందు సీసా) 500 మిల్లీగ్రాములది, మేము ఎప్పుడూ వాడేది 100 మిల్లీగ్రాములది. దాని లెక్క సరిచూసుకుంటుండగా పాత కాన్యులా ఉబ్బిందని గమనించాం. కొత్తది పడేసరికి 12.05. మందు మొదలైంది 12.20కి. ఇంతా జరిగాక మందుల చార్టులో నేను రాసిన సమయం ఎంతో తెలుసా? రాత్రి 11 గంటలు. ఎందుకంటే చార్టులో ఆ గడి 11 గంటలది.

ఆ బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్లింది. కానీ మరునాడు చార్టు చూసిన వారెవరికైనా ఆ రాత్రి ఆలస్యం జరిగినట్టే తెలియదు. నాకు ఈ విషయంలో కళ్లు తెరిపించింది ఆ 11 అనే అంకె. మనం ఇవ్వాల్సిన సమయాన్ని ఇచ్చిన సమయంగా రాస్తున్నంత కాలం ఏ మార్పూ సాధ్యం కాదు. అందుకే మీ యూనిట్‌లో మొదటి పని ఇదే: గడిలో ఉన్న సమయం కాకుండా గడియారంలో ఉన్న సమయం రాయడం. దీనికి ఇన్‌చార్జి సిస్టర్ నుంచి, డాక్టరు గారి నుంచి ఒక మాట తీసుకోండి. నిజమైన సమయం రాసినందుకు ఎవరికీ మెమో ఇవ్వమని వారు అందరి ముందు చెప్పాలి. ఆ మాట రాకుండా కొలతలు మొదలుపెడితే అన్ని డోసులూ కాగితం మీద చక్కగా వేళకే పడతాయి.

ఒక చిన్న విషయం, కానీ ముఖ్యమైనది. గోడ గడియారం, మానిటరు, సిరంజి పంపు (సిరంజిలోని మందును పెట్టిన వేగంతో తోసే యంత్రం), మీ ఫోను, నాలుగూ నాలుగు సమయాలు చూపిస్తాయి. మా దగ్గర మానిటరుకూ గోడ గడియారానికీ తొమ్మిది నిమిషాల తేడా ఉండేది. ఏదో ఒక్క గడియారాన్నే అందరూ చూసి రాయాలని నిర్ణయించుకోండి.

ఇక మొదటి డోసు గంటలోపు పడాలని ఎందుకు అంటామంటే, పసికందులో సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) పెద్దవాళ్లలో లాగా జ్వరంతో మొదలుకాకపోవచ్చు. పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం, మూలుగు, ఊపిరి ఆగడం, అంతే. అక్కడి నుంచి షాక్‌లోకి వెళ్లడానికి కొన్ని గంటలు చాలు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ నవజాత శిశువుల ఇన్ఫెక్షన్ మీద 2021లో ఇచ్చిన మార్గదర్శకాలలో, యాంటీబయాటిక్ ఇవ్వాలని నిర్ణయించాక వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ గంటలోపు ఇవ్వాలని ఉంది. మీరు కూడా ఆ గంటనే లక్ష్యంగా పెట్టుకోవచ్చు. లెక్క మొదలయ్యేది నిర్ణయం జరిగిన క్షణం నుంచి. కేసు షీటులో రాసిన క్షణం నుంచి కాదు, మీరు చదివిన క్షణం నుంచీ కాదు.

అయితే అన్ని మందులకూ ఇదే తొందర పనికిరాదు. విటమిన్ డి చుక్కలు, ఐరన్ చుక్కలు గంట అటూ ఇటూ అయినా బిడ్డకు నష్టం లేదు. అమెరికాలో ఒకప్పుడు అన్ని మందులూ వేళకు అరగంట అటూ ఇటూలోపే ఇవ్వాలనే నియమం ఉండేది. నర్సులు దాన్ని అందుకోవడానికి అడ్డదారులు తొక్కి తప్పులు చేస్తున్నారని తేలడంతో, అక్కడి మందుల భద్రత సంస్థ ఐఎస్‌ఎంపీ 2011లో మందులను విడదీసి చూడమని చెప్పింది. వేళ తప్పితే హాని చేసేవాటికి అరగంట, మిగతావాటికి వాటి వాటి తీరును బట్టి గంట లేదా రెండు గంటలు. మీ యూనిట్‌లో కూడా డాక్టరు గారితో కూర్చుని అలాంటి జాబితా ఒకటి తయారు చేసుకోండి. నా జాబితాలో ముందుండేవి ఇవి: యాంటీబయాటిక్ మొదటి డోసు, ఫిట్స్ వచ్చినప్పుడు ఫినోబార్బిటోన్, షుగరు పడిపోయినప్పుడు డెక్స్‌ట్రోస్, ఊపిరి ఆగే పిల్లలకు కెఫీన్ లోడింగ్ డోసు (మొదట ఇచ్చే పెద్ద డోసు), ఇంకా రక్తపోటును నిలబెట్టే డోపమిన్ లాంటి మందుల సిరంజి మార్పిడి. ఈ చివరిదాన్ని చాలామంది మందు వేళగా లెక్కించరు. డోపమిన్ ప్రభావం ఒంట్లో నిమిషాలలోనే తగ్గిపోతుంది. పాత సిరంజి ఖాళీ అయ్యాక కొత్తది కలపడం మొదలుపెడితే ఆ లోపు బిడ్డ రక్తపోటు పడిపోతుంది. పంపులో గంటకు సరిపడా మందు మిగిలి ఉండగానే కొత్త సిరంజి కలిపి, లేబుల్ అంటించి, పక్కన సిద్ధంగా ఉంచాలి.

ఇప్పుడు నేను అన్నింటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. దీన్ని మనకు నర్సింగ్ కాలేజీలో ఎవరూ సరిగా చూపించరు.

మందు పంపులో పెట్టిన సమయం వేరు, బిడ్డకు చేరిన సమయం వేరు.

1.1 కిలోల బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రాశారనుకోండి. మొత్తం 5.5 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉండేలా పలుచన చేస్తే అది 0.55 మిల్లీలీటర్లు. దాన్ని సెలైన్‌తో 2 మిల్లీలీటర్లు చేసి అరగంటలో వెళ్లేలా సిరంజి పంపులో పెడతాం. సిరంజి నుంచి కాన్యులా దాకా ఉన్న ఎక్స్‌టెన్షన్ లైను లోపల ఒక మిల్లీలీటరు పడుతుందనుకుందాం. లైనును ముందుగా సెలైన్‌తో నింపి ఉంటే, మొదటి పావుగంట బిడ్డకు వెళ్లేది సెలైనే. అరగంటకు పంపు అలారం మోగుతుంది. సిరంజి ఖాళీ. మనం చార్టులో టిక్ పెడతాం. కానీ ఆ క్షణాన సగం మందు ఆ సన్నని గొట్టంలోనే ఉంది. లైను తీసి పారేస్తే బిడ్డకు అందింది సగం డోసే. తీయకుండా అదే లైనులో తరువాతి మందును వేగంగా తోస్తే, అరగంటలో వెళ్లాల్సిన జెంటామైసిన్ క్షణాలలో వెళుతుంది.

మెయిన్ డ్రిప్ లైనులో దూరంగా ఉన్న త్రీవే (లైనులు కలిపే మూడు దారుల మర) దగ్గర మందు తోసినా ఇదే సమస్య. డ్రిప్ గంటకు 2.5 మిల్లీలీటర్ల చొప్పున వెళుతుంటే, మధ్యలో ఒక మిల్లీలీటరు గొట్టం దాటడానికే 24 నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్ల వార్డులో ఎవరూ పట్టించుకోని ఒక మిల్లీలీటరు ఇక్కడ ఒక పూర్తి డోసును దాచేస్తుంది.

అందుకని మీ స్టోరులో ఉన్న ప్రతి రకం లైనునూ ఒకసారి కొలవండి. ఖాళీ లైనుకు సెలైన్ నింపిన సిరంజి తగిలించి, రెండో కొసన మొదటి బొట్టు కనిపించే వరకు తోసి, ఎంత పట్టిందో చూడండి. రెండు నిమిషాల పని. ఆ అంకెను కాగితం మీద రాసి పంపుల దగ్గర గోడకు అంటించండి. వీలైనంత పొట్టి, సన్నని లైను వాడండి. మందును బిడ్డకు అతి దగ్గరగా ఉన్న చోట ఎక్కించండి. మందు అయిపోయాక లైనులో పట్టేదానికి కొంచెం ఎక్కువగా సెలైన్ తీసుకుని, మందు వెళ్లిన వేగంతోనే ఫ్లష్ కూడా పంపండి. ఫ్లష్ పూర్తయిన సమయమే డోసు పూర్తయిన సమయం. ఒక జాగ్రత్త చెప్పాలి: కిలో బిడ్డకు రోజుకు ఆరేడు ఫ్లష్‌లంటే అది చిన్న పరిమాణం కాదు. నీరు, సోడియం రెండూ ఆ రోజు లెక్కలో చేర్చమని డాక్టరుకు చెప్పండి.

ఆంపిసిలిన్, జెంటామైసిన్ రెండూ రాసినప్పుడు ఏది ముందు అని కొత్త నర్సులు అడుగుతుంటారు. ఆంపిసిలిన్ మూడు నుంచి ఐదు నిమిషాలలో నెమ్మదిగా తోయవచ్చు కనుక నేను దాన్ని ముందు ఇస్తాను, బిడ్డకు ఏదో ఒక రక్షణ వెంటనే అందుతుంది. తరువాత లైను కడిగి జెంటామైసిన్ పెడతాను. రెండింటినీ ఒకే సిరంజిలో, ఒకే లైనులో కలవనివ్వకండి. ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు జెంటామైసిన్ శక్తిని దెబ్బతీస్తాయి.

ఇక మార్పుల సంగతి. మా దగ్గర నిలబడిన వాటిని చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది మొదటి డోసు ట్రే. మీ యూనిట్‌లో మొదటగా వాడే యాంటీబయాటిక్స్ వయల్స్ రెండేసి, డిస్టిల్డ్ వాటర్, సెలైన్, ఒక మిల్లీలీటరు సిరంజిలు, 24, 26 గేజి కాన్యులాలు, ప్లాస్టరు, బ్లడ్ కల్చర్ సీసా, లేబుళ్లు, పెన్ను. అన్నీ ఒకే ట్రేలో, మూత పెట్టి, తేదీ రాసి ఉంచుతాం. వాడినవారే తిరిగి నింపాలి. ప్రతి డ్యూటీ మార్పిడిలో ఆక్సిజన్, సక్షన్ చూసినట్టే దీన్నీ చూడాలి. బిడ్డ తండ్రిని చీటీతో అర్ధరాత్రి పరుగెత్తించే అవసరం దీనితో చాలావరకు పోయింది. ఫార్మసీ వారు అదనపు వయల్స్ ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. మేము రాసుకున్న సమయాల కాగితం చూపించాక ఒప్పుకున్నారు.

రెండోది, నోటి మాట. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలనుకున్న డాక్టరు ఆ బిడ్డను చూస్తున్న నర్సు వైపు తిరిగి చెప్పాలి, ఆమె ఆ మాటను తిరిగి పలకాలి, వెంటనే సమయం రాయాలి. రౌండ్స్ అంతా అయ్యాక అన్ని ఆర్డర్లూ ఒకేసారి రాసే పద్ధతిలో మొదటి వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) మీది బిడ్డకు రాసిన మందు చివరి బిడ్డను చూసే దాకా ఆగిపోతుంది. దీన్ని మార్చడం డాక్టర్ల చేతిలో ఉన్న పని, అందుకే వారిని మొదటి రోజు నుంచే కలుపుకోవాలి.

మూడోది, కాన్యులా పెట్టేవారు ఒకరు, మందు కలిపేవారు ఒకరు, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం. ఒకరు కాన్యులా కోసం రెండుసార్లు ప్రయత్నించాక ఆగి మరొకరిని పిలవాలనే నియమం పెట్టుకున్నాం. పట్టుదలతో ఐదోసారి గుచ్చడం వల్ల బిడ్డకు నొప్పి, మనకు అరగంట నష్టం. ఎంతకీ నరం దొరకకపోతే జెంటామైసిన్, ఆంపిసిలిన్ మొదటి డోసు కండకు ఇవ్వవచ్చా అని డాక్టరును అడగండి. అడగడానికి సంకోచించకండి. ఇతర ఆసుపత్రి నుంచి 108లో వచ్చిన బిడ్డ అయితే మొదటి డోసు అక్కడే పడిందా, ఎన్ని గంటలకు అని రిఫరల్ చీటీలో చూడండి, లేకపోతే ఫోను చేసి కనుక్కోండి. జెంటామైసిన్ రెండుసార్లు పడటం కూడా ప్రమాదమే.

రోజువారీ డోసుల విషయంలో మీ చార్టు ముందు పెట్టుకుని చూడండి. ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు ఎన్ని మందులు ఉన్నాయి? అవన్నీ డ్యూటీ మారే వేళలు. దిగిపోయే నర్సు వచ్చేవారు ఇస్తారనుకుంటుంది, వచ్చిన నర్సు పిల్లలను అప్పగించుకోవడంలో ఉంటుంది, అదే సమయానికి రెండు గంటలకోసారి ఇచ్చే పాల వేళ కూడా వస్తుంది. ఎనిమిది గంటల తేడాతో ఇచ్చే మందును 8, 4, 12 బదులు 6, 2, 10కి మార్చితే మధ్యాహ్నం 2 మళ్లీ అడ్డు వస్తుంది. 5, 1, 9 అయితే మూడూ ఖాళీ సమయాలే. మేము ఈ చిన్న మార్పు ఒక వారం నలుగురు పిల్లలకు మాత్రమే చేసి చూశాం. నచ్చింది, తరువాత అందరికీ చేశాం. ఏ మార్పు అయినా ఇలాగే, ఒక డ్యూటీలో, ఒకరిద్దరు పిల్లల దగ్గర చేసి చూడండి. పనికిరాకపోతే వదిలేయడం తేలిక.

వేళ కోసం పొద్దున్నే అన్ని మందులూ కలిపి పెట్టుకునే అలవాటు కొన్ని చోట్ల చూశాను. అది చేయవద్దు. కలిపిన ఆంపిసిలిన్‌ను గంటలోపే వాడాలి. లేబుల్ లేని సిరంజిలు ట్రేలో పక్కపక్కనే ఉంటే ఏది ఏ బిడ్డదో దేవుడికే తెలియాలి.

తొందరలో వదలకూడనిది ఒకటే, రెండో మనిషి సొంతంగా లెక్క చూడటం. పైన చెప్పిన అమికాసిన్ సంగతే తీసుకోండి. లెక్క తేలికగా ఉండటానికి బిడ్డ బరువు 1.2 కిలోలు అనుకుందాం, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 18 మిల్లీగ్రాములు. రెండు మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు ఉన్న వయల్ నుంచి అయితే 0.36 మిల్లీలీటర్లు. అదే పరిమాణాన్ని రెండు మిల్లీలీటర్లలో 500 ఉన్న వయల్ నుంచి తీస్తే 90 మిల్లీగ్రాములు, అంటే ఐదు రెట్లు. బిడ్డ కిడ్నీలు, వినికిడి ప్రమాదంలో పడతాయి. వయల్స్ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే రెండో నర్సుకు మీ జవాబు చెప్పకండి. వయల్, బరువు, ఆర్డరు చూపించి ఎంత తీయాలో ఆమెనే లెక్కించమనండి. ఇద్దరి అంకె ఒకటైతేనే ఇవ్వండి. దీనికి పట్టేది ఒక నిమిషం. ఈ నిమిషాన్ని మిగుల్చుకుని గంటను అందుకోవడం నాకు సమ్మతం కాదు. మందులు కలిపే బల్ల చుట్టూ నేల మీద ఎర్ర టేపు అంటించి, దాని లోపల ఉన్నవారిని ఎవరూ పలకరించకూడదని కూడా మేము పెట్టుకున్నాం. ఆయమ్మల నుంచి ప్రొఫెసర్ల వరకు అందరూ పాటించారు.

మీ మెమో గురించి. దానికి మాటలతో సమాధానం ఇవ్వకండి. గోడ మీద ఒక గ్రాఫ్ కాగితం పెట్టి, చేరిన వరుసలో ప్రతి బిడ్డకూ నిర్ణయం నుంచి మందు మొదలయ్యే దాకా పట్టిన నిమిషాలను ఒక చుక్కగా పెట్టండి. బిడ్డ పేరు వద్దు, నర్సు పేరు అసలే వద్దు. సగటు కంటే మధ్యస్థ విలువను (నిమిషాలను చిన్న నుంచి పెద్ద వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకెను) చూడండి, ఒక్క రాత్రి ఆరు గంటలు ఆలస్యమైతే సగటు మొత్తం తారుమారవుతుంది. మధ్యస్థ గీతకు ఒకే వైపున వరుసగా ఆరు చుక్కలు పడితే మార్పు నిజంగా వచ్చినట్టు లెక్క. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పీఓసీక్యూఐ (పాయింట్ ఆఫ్ కేర్ క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్) అనే శిక్షణలో ఇదే నేర్పుతారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి మన లాంటి ఆసుపత్రుల కోసమే దాన్ని తయారు చేశాయి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ముస్కాన్ కార్యక్రమం కింద ఎస్‌ఎన్‌సీయూల నాణ్యతను చూస్తారు కనుక, ఇలాంటి పని మీ ఆసుపత్రికి కూడా అవసరమే. మీ సూపరింటెండెంట్ గారికి ఈ మాట చెబితే వినడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఒక నర్సు ముగ్గురు నలుగురు పిల్లలను చూడాల్సిన చోట ఎనిమిది మందిని చూస్తుంటే అది కూడా అదే కాగితం మీద, ఆ డ్యూటీ చుక్క పక్కన అంకెగా రాయండి.

ఒక ప్రశ్న మీరు అడగలేదు కానీ ఎలాగూ ఎదురవుతుంది: రోజుకోసారి ఇచ్చే జెంటామైసిన్ ఐదు గంటలు ఆలస్యమైంది, రేపు మళ్లీ పాత వేళకే ఇవ్వాలా? మీ అంతట మీరు ఇవ్వకండి. అలా ఇస్తే రెండు డోసుల మధ్య 19 గంటలే ఉంటాయి. అసలు ఇచ్చిన సమయం డాక్టరుకు చెప్పి, తరువాతి డోసు వేళను కొత్తగా రాయించుకోండి. నెలలు నిండని పిల్లలలో 36 గంటలు, 48 గంటల వ్యవధి ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం.

రేపటి డ్యూటీలో ముందు ఆ లైనులు కొలవండి. మీ దగ్గర వాడేది ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, మందులు ఎక్కడి నుంచి ఎక్కిస్తున్నారో ఇక్కడే రాస్తే, మీ పిల్లల బరువులకు ఫ్లష్ ఎంత పెట్టుకోవచ్చో, డాక్టరు గారితో ఎలా మాట్లాడాలో చెబుతాను.